తాలింపు పెట్టినప్పుడల్లా మోగే స్మోక్ అలారం తీసేయాలా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కూకట్‌పల్లిలో స్టిల్ట్ మీద ఐదో అంతస్తు ఫ్లాట్. డల్లాస్ నుంచి వచ్చిన మీ తమ్ముడు రెండు స్మోక్ అలారాలు తెచ్చి, ఒకటి వంటింటి గుమ్మం పైన, ఇంకొకటి పిల్లల గదిలో బిగించి వెళ్లాడు. వంటింటి దగ్గరిది తాలింపు వేసిన ప్రతిసారీ మోగుతోంది. మీ అత్తగారికి గుండె దడ పట్టుకుంది. చివరికి మీవారు దాని బ్యాటరీ పీకి సొరుగులో పడేశారు. పిల్లల గదిలోది నిమిషానికోసారి ‘కిచ్’మంటూ రాత్రిళ్లు నిద్ర పోనివ్వడం లేదు. ‘మన ఇళ్లకు ఇవి నిజంగా అవసరమా, రెండూ తీసేయమంటారా?’ అని అడిగారు.

తీసేయొద్దు. మీరు పెట్టిన ఫొటోలు చూశాక చెబుతున్నాను. ఒకటి మార్చాలి, ఇంకొకదానికి బ్యాటరీ వేయాలి, బిగించిన చోట్లు మారాలి. అంతకు మించి పెద్ద పనేమీ లేదు. నేను అగ్నిమాపక శాఖలో ముప్పై ఏళ్లకు పైగా చేసి, స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. ఇళ్లలో జరిగిన ప్రమాదాలకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. వాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టినవి పెద్ద మంటలు కావు. గదిలో పరుపు సగం కూడా కాలకుండానే, పక్క గదిలో నిద్రపోతున్న మనిషి ఒంటి మీద చిన్న కాలిన మచ్చ కూడా లేకుండా చనిపోయిన ఇళ్లు.

మంట కంటే ముందు పొగ వస్తుంది, ఆ పొగే చంపుతుంది. సోఫా, పరుపు, దిండ్లలో ఉండే ఫోమ్, ప్లాస్టిక్ కుర్చీలు, కర్టెన్లు కాలినప్పుడు వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. ఫోమ్ నుంచయితే హైడ్రోజన్ సయనైడ్ అనే ఇంకో విషవాయువు కూడా వస్తుంది. నాలుగైదు సార్లు గట్టిగా పీల్చేసరికి కాళ్లు చేతులు స్వాధీనం తప్పుతాయి. ‘పొగ వస్తే వాసనకి మెలకువ రాదా?’ అని చాలామంది అడుగుతారు. రాదమ్మా. నిద్రలో మన ముక్కు దాదాపు పనిచేయదు. చెవి మాత్రం పనిచేస్తుంది. అందుకే అలారం చప్పుడు చేసేలా తయారైంది. పొగ గొంతు పట్టుకునే లోపు, నిద్రలో ఉన్న మనిషిని చెవి ద్వారా లేపడమే దాని పని.

2025 మే 18 ఆదివారం తెల్లవారుజామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో 17 మంది పోయారు. అందులో 8 మంది పిల్లలు. చాలామంది ప్రాణం తీసింది పొగే. లోపలికీ బయటికీ ఇరుకైన ఒకే దారి. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో చనిపోయిన ఆరుగురు యువతీ యువకులు కూడా పొగతో ఊపిరాడకే పోయారు. అలారం ఉంటే అక్కడ అందరూ బతికేవారని నేను చెప్పలేను. ప్రాణం నిలబెట్టేది ఆ మొదటి మూడు నాలుగు నిమిషాలేనని మాత్రం చెప్పగలను. ఇప్పటి గదుల్లో ఫోమ్ సోఫా ఒకటి అంటుకుంటే మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఆ గది మొత్తం ఒక్కసారిగా మంటల్లోకి వెళ్లిపోతుంది. ఫైరింజన్ ఎంత వేగంగా బయల్దేరినా ట్రాఫిక్ దాటుకుని ఆ లోపు రాలేదు. ఆ నిమిషాలు మీ ఇంట్లో వాళ్ల చేతుల్లోనే ఉంటాయి.

అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ఏళ్ల తరబడి లెక్కలు తీస్తోంది. అక్కడ ఇళ్ల అగ్నిప్రమాదాల్లో చనిపోయే ప్రతి ఐదుగురిలో దాదాపు ముగ్గురు అలారం లేని ఇళ్లలోనో, ఉన్నా పనిచేయని ఇళ్లలోనో చనిపోతున్నారు. ఉండి పనిచేయకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం ఏమిటో తెలుసా? బ్యాటరీ తీసేసి ఉండటం. మీ ఇంటి సొరుగులో ఉన్నది అదే.

ఇప్పుడు మీ ఫొటోల సంగతి. వంటింటి పైన ఉన్న అలారం వెనక తయారీ సంవత్సరం 2013 అని ఉంది, పక్కనే ఆంగ్ల అక్షరం ‘ఐ’ ఉంది. పిల్లల గదిలోది 2023లో తయారైంది, దాని మీద ‘పి’ ఉంది. మీ ఇబ్బంది అంతా ఈ రెండు వివరాల్లోనే ఉంది.

‘ఐ’ అంటే అయొనైజేషన్ రకం. లోపల అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం అతి కొద్దిగా ఉంటుంది. అది గాలిని విద్యుదావేశపరుస్తుంది, చిన్న కరెంటు పారుతూ ఉంటుంది, పొగ కణాలు వచ్చినప్పుడు ఆ కరెంటు తగ్గి అలారం మోగుతుంది. కాగితం, గుడ్డ భగ్గున మండినప్పుడు వచ్చే అతి సన్నని కణాలను ఇది తొందరగా పడుతుంది. తాలింపులో నూనె కాగినప్పుడు వచ్చేవి కూడా అలాంటి సన్నని కణాలే. ఎండుమిర్చి, ఆవాలు చిటపటమన్నప్పుడు మనకు దగ్గు ఎందుకొస్తుందో అది మోగడానికీ కారణం దాదాపు అదే. ‘పి’ అంటే ఫొటోఎలక్ట్రిక్. లోపల ఒక కాంతి కిరణం ఉంటుంది, పొగ వచ్చి ఆ కాంతిని చెదరగొడితే మోగుతుంది. పరుపు, దూది, వైరు తొడుగు లాంటివి మంట లేకుండా రాజుకుంటూ కాలినప్పుడు వచ్చే దట్టమైన పొగను ఇది బాగా పడుతుంది. రాత్రిపూట మనుషులు నిద్రలో పోయేది ఎక్కువగా అలాంటి పొగకే. తాలింపుకి కూడా ఇది తక్కువ మోగుతుంది. మన ఇళ్లకు నా సలహా ఎప్పుడూ ఫొటోఎలక్ట్రిక్ రకమే.

ఇక వయసు. ఏ రకమైనా స్మోక్ అలారం ఆయుష్షు పదేళ్లు. కొన్న రోజు నుంచి కాదు, వెనక ముద్రించిన తయారీ తేదీ నుంచి. లోపలి సెన్సర్ మురికి పట్టి, పాతబడి, ఒకోసారి ఊరికే మోగుతుంది, ఒకోసారి మోగాల్సినప్పుడు మోగదు. కాబట్టి 2013 నాటి ఆ అలారం పని అయిపోయింది. మీ తమ్ముడు బహుశా తన పాత ఇంటి నుంచి విప్పి తెచ్చి ఉంటాడు, ప్రేమతోనే తెచ్చాడు, తప్పు పట్టకండి. దాన్ని పగలగొట్టొద్దు, విప్పి చూడొద్దు, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వొద్దు. మూత మూసి ఉన్నంత వరకు దానివల్ల ప్రమాదం లేదు. ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లకు అదేమిటో చెప్పి ఇచ్చేయండి.

పిల్లల గదిలోది మంచిదే. అది కిచ్‌మనేది ప్రమాదం ఉందని కాదు, బ్యాటరీ అయిపోవస్తోందని. నిజంగా పొగ పట్టినప్పుడు వచ్చే మోత వేరు. వరసగా మూడు మోతలు, కాస్త విరామం, మళ్లీ మూడు. మీరు పంపిన ఫొటోను బట్టి అందులో పడేది 9 వోల్టుల నలుచదరపు బ్యాటరీ. ఇక్కడ ఒక విషయం. కిరాణా కొట్టులో చవగ్గా దొరికే మామూలు 9 వోల్టుల బ్యాటరీ వేస్తే రెండు మూడు నెలలకే మళ్లీ కిచ్ మొదలవుతుంది, మీకు మళ్లీ విసుగొస్తుంది. ఆల్కలైన్ అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి. ఏడాదికోసారి మార్చండి. మార్చే తేదీని ఒక చిన్న స్టిక్కర్ మీద రాసి దాని పక్కనే అంటించండి. కొత్త బ్యాటరీ వేసినా కిచ్ ఆగకపోతే బ్యాటరీ కొసలు సరిగా తగులుతున్నాయో లేదో చూడండి. తర్వాత బ్యాటరీ తీసి, టెస్ట్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్లీ వేయండి.

చోటు విషయం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అలారంతో వచ్చే కాగితంలో రాసింది మన ఇళ్లకు పూర్తిగా సరిపోదు. పొయ్యికి కనీసం పది అడుగుల దూరం ఉండాలని అందులో ఉంటుంది, అది నిజమే. మన తాలింపుకైతే పన్నెండు పదమూడు అడుగులున్నా ఎక్కువ కాదు. బాత్రూమ్ గుమ్మం ఎదురుగా పెడితే గీజర్ వేడినీళ్ల ఆవిరికి మోగుతుంది. పూజ గదికి దగ్గరగా పెడితే శుక్రవారం సాంబ్రాణికి మోగుతుంది, కార్తీక మాసంలో ఇక చెప్పనక్కర్లేదు. దోమల కాయిల్ వెలిగించే గదిలో రాత్రంతా గోలే. కాయిల్ మానేసి దోమతెర కట్టుకోండి, ఊపిరితిత్తులకూ అదే మంచిది.

మన దగ్గర ఇంకో సంగతి సీలింగ్ ఫ్యాన్. పొగ పైకి లేచి సీలింగ్ కింద పరుచుకుంటుంది కాబట్టి అలారం సీలింగ్ మీదే ఉండాలి. కానీ మన గదుల్లో సీలింగ్ మధ్య చోటు ఫ్యాన్‌ది. ఫ్యాన్ రెక్క కొసకు కనీసం మూడు అడుగుల దూరంలో బిగించాలి. లేకపోతే ఆ గాలి పొగను అలారం దగ్గరికి చేరనివ్వదు, పైగా ఫ్యాన్ లేపే దుమ్మంతా దాంట్లోకే పోతుంది. ఏసీ గాలి నేరుగా కొట్టే చోట పెట్టడం కూడా అంతే. గోడ, సీలింగ్ కలిసే మూలలో పెట్టకండి, అక్కడికి పొగ ఆలస్యంగా చేరుతుంది. గోడకే పెట్టాల్సి వస్తే సీలింగ్ నుంచి కనీసం నాలుగు అంగుళాలు కిందికి, కానీ అడుగు దాటకుండా బిగించండి.

మీరు గీసి పంపిన ఫ్లాట్ ప్లాన్ ప్రకారం మూడు పడకగదుల తలుపులూ ఒక చిన్న నడవలోకి తెరుచుకుంటున్నాయి. ఆ నడవలో ఫ్యాన్ లేదు, వంటింటికి దూరం, పూజ గది అవతలి వైపు. మీ ఇంట్లో మొదటి అలారానికి అంతకంటే మంచి చోటు లేదు. తర్వాత ఒక్కొక్క పడకగదికీ ఒకటి. మీరంతా ఏసీ వేసుకుని తలుపులు బిగించుకుని పడుకుంటారు కాబట్టి గది లోపల ఫోన్ ఛార్జరో ఏసీ వైరో రాజుకుంటే నడవలోని అలారానికి తెలియడానికి చాలా సమయం పడుతుంది. అలాగని తలుపులు తెరిచి పడుకోమని కాదు. మూసిన తలుపు పొగను, వేడిని చాలాసేపు ఆపుతుంది. మూసే పడుకోండి, లోపల ఒక అలారం పెట్టుకోండి. స్తోమతను బట్టి ఒకదానికొకటి వైర్‌లెస్‌గా కలిసి పనిచేసేవి తీసుకుంటే ఒక గదిలో మోగగానే అన్నీ మోగుతాయి.

వంటింట్లో స్మోక్ అలారం వద్దే వద్దు. అక్కడ ఏదైనా పెట్టాలనుకుంటే హీట్ అలారం అని వేరేగా దొరుకుతుంది. అది పొగకు కాదు, వేడి దాదాపు 58 డిగ్రీలు దాటితే మోగుతుంది. తాలింపు దాన్ని కదిలించలేదు.

తాలింపుకి ఎప్పుడైనా మోగితే బ్యాటరీ పీకకండి. చాలా అలారాలకు హష్ అనే బటన్ ఉంటుంది, నొక్కితే పది నిమిషాల దాకా ఊరుకుని మళ్లీ తనంతట తానే పనిలోకి వస్తుంది. ఆ బటన్ లేకపోతే కిటికీ తెరిచి, చిమ్నీ వేసి, ఒక తువ్వాలుతో దాని కింద గాలి విసరండి. చిమ్నీ ఫిల్టర్ నూనె జిడ్డుతో మూసుకుపోయి ఉంటే ఊరికే చప్పుడే తప్ప పొగ లాగదు, నెలకోసారి కడగండి. ఆ జిడ్డు ఒక్కోసారి మంట కూడా అందుకుంటుంది.

నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. కింద కాగితం కాల్చడం, అగరుబత్తి చూపించడం వద్దు, బటన్ చాలు. ఎవరు గుర్తుపెట్టుకుంటారు అంటారా? ఆ బాధ్యత మీ అత్తగారికి అప్పగించండి. ఆవిడ అమావాస్య తప్పకుండా గుర్తుపెట్టుకుని గుమ్మానికి దిష్టి తీస్తారని రాశారు కదా. ఆ రోజే చీపురు కర్ర కొసతో బటన్ నొక్కమనండి. ఆ మోత తన చేతి మీదుగా వస్తే దడ పోతుంది, ఆ చప్పుడు ఎందుకో ఆవిడకు అర్థమవుతుంది. పండక్కి బూజులు దులిపినప్పుడు అలారం చుట్టూ వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టంతో గానీ మెత్తటి బ్రష్‌తో గానీ దుమ్ము తీయండి. తడిగుడ్డ, స్ప్రే వద్దు. చిన్న పురుగులు, సాలెపురుగులు లోపల చేరి ఊరికే మోగించడం మన దగ్గర మామూలే. ఇంటికి రంగులు వేసే రోజుల్లో తీసి పక్కన పెట్టి, పని అయ్యాక అదే రోజు మళ్లీ బిగించండి. దాని మీద ఎట్టి పరిస్థితుల్లోనూ రంగు వేయనివ్వకండి.

అపార్ట్‌మెంట్‌కి ఫైర్ అలారం ఉంటుందిలే అనుకోకండి. మన రాష్ట్రంలో నివాస భవనాలకు 18 మీటర్ల ఎత్తు దాటితేనే అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తప్పనిసరి. స్టిల్ట్ మీద ఐదంతస్తుల భవనాలు చాలావరకు ఆ లెక్కకు లోపలే కడతారు. అంటే మీలాంటి భవనంలో మెట్ల దగ్గర ఎర్ర పైపులు, సెన్సర్లు ఉండకపోవచ్చు. ఉన్న చోట్ల కూడా ఒకసారి ఊరికే మోగిందని సెక్యూరిటీ వాళ్లు ప్యానెల్‌ను ఆఫ్ చేసి పెట్టడం నేను తనిఖీలకు వెళ్లినప్పుడు ఎన్నోసార్లు చూశాను. మీ ఇంటి అలారం మీద మీరు ఆధారపడటమే మంచిది.

ఇంతవరకూ చెప్పింది అలారం గురించి. అది మోగాక ఏం చేస్తారన్నదే నాకు ఎక్కువ బెంగ. మీరు పంపిన ఫొటోలో మెయిన్ డోర్ బయట కొలాప్సబుల్ గేటు, దానికి లోపలి నుంచి తాళం కనిపించింది. తాళం చెవి ఎక్కడ పెడతారు? ఒక ఇంటికి అర్ధరాత్రి వెళ్లాం. హాల్లో టీవీ దగ్గర అంటుకుంది. ఇంటాయన నిద్రలేచాడు, భార్యాబిడ్డల్ని లేపాడు, అందరూ గుమ్మం దాకా వచ్చారు. చెవి ఫ్రిజ్ మీద గిన్నెలో ఉంది. పొగలో ఆ గిన్నె కనబడలేదు. మేం గేటు కోసి తీసేసరికి నలుగురిలో ఇద్దరే ప్రాణాలతో ఉన్నారు. ఆ గేటు ముందు కూర్చుని ఆయన ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందుకే ఎవరింటికి వెళ్లినా మొదట నేను అడిగేది తాళం చెవి గురించే.

గేటుకి పక్కనే, బయటి చేతికి అందని దూరంలో, లోపలి గోడకు ఒక మేకు కొట్టండి. చెవి రాత్రంతా అక్కడే వేలాడాలి. చీకట్లో పిల్లలకు కూడా అందే ఎత్తులో ఉండాలి. బాల్కనీ గ్రిల్‌లో ఒక భాగాన్ని తెరిచేలా వెల్డర్‌తో చేయించండి, దాని చెవి కూడా దాని దగ్గరే. దొంగల భయంతో మనం ఇంటిని బోనులా కట్టుకుంటున్నాం. దొంగ రాకుండా ఆపే ఇనుమే మనల్ని బయటికి పోనివ్వకుండా ఆపకూడదు.

తర్వాత ఒక ఆదివారం సాయంత్రం అందరూ కలిసి ఒకసారి చేసి చూడండి. మీవారు టెస్ట్ బటన్ నొక్కాలి, అందరూ తమ తమ మంచాల మీద నుంచి లేచి బయటికి రావాలి. పిల్లలు వంగి, నేలకు దగ్గరగా పాక్కుంటూ రావాలి, ఎందుకంటే పొగ పైన ఉంటుంది, గాలి కింద ఉంటుంది. తలుపు తెరిచే ముందు అరచేతి వెనక వైపుతో తాకి చూడటం నేర్పండి. వేడిగా ఉంటే తెరవొద్దు. బయటికొచ్చాక తలుపు మూయాలి, తాళం వేయక్కర్లేదు. లిఫ్టు ముట్టుకోవద్దు. కింద అందరూ కలిసే చోటు ఒకటి అనుకోండి, మీరు చెప్పిన వాచ్‌మన్ గది దగ్గర వేపచెట్టు బాగుంటుంది. అక్కడ తలలు లెక్కపెట్టాలి. ఫోను కోసమో బంగారం కోసమో ఎవరూ వెనక్కి వెళ్లకూడదు. వెళ్లినవాళ్ల కోసమే మేం ఎక్కువగా వెతికాం.

రెండో సాధన రాత్రి పిల్లలు గాఢనిద్రలో ఉన్నప్పుడు చేయండి. ఎక్కువమంది పిల్లలు అలారం మోతకు లేవరు, ఆశ్చర్యపోకండి. వాళ్ల నిద్ర అలాంటిది. అందుకని ఎవరు ఎవర్ని లేపాలన్నది ముందే అనుకోవాలి. మీరు చిన్నదాన్ని, మీవారు పెద్దవాణ్ణి, అత్తగారిని ఎవరు? ఆవిడకు మోకాళ్ల నొప్పులని రాశారు. ఐదంతస్తులు దిగలేరు కాబట్టి ఆవిడ పడక ముందు గదిలోకి, మెయిన్ డోర్‌కి దగ్గరగా మార్చడం మేలు. ఎదురింటివాళ్లకు కూడా చెప్పి ఉంచండి. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు ఎలా దింపాలో ఒకసారి చేసి చూస్తే భయం తగ్గుతుంది.

తలుపు తీశాక మెట్లంతా పొగతో నిండి ఉంటే దిగకండి. వెనక్కి వచ్చి తలుపు మూసి, కింది సందులో తడి దుప్పటి కుక్కి, పొగకు దూరంగా ఉన్న బాల్కనీలోకి వెళ్లండి. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేసి ఏ అంతస్తు, ఏ వైపు, ఎంతమంది అని చెప్పండి. రాత్రయితే ఫోన్ లైటు ఊపండి, పగలయితే చున్నీ.

మంట పుట్టే చోట్ల గురించి కొంచెం. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. నీళ్లు అడుక్కి పోయి ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెను సీలింగ్ దాకా ఎగజిమ్ముతాయి. పొయ్యి ఆపి, పళ్లెంతో మూసి, చల్లారేదాకా మూత తీయకండి. మూకుడు ఎత్తుకుని సింకు దగ్గరికి పరిగెత్తొద్దు. చీర కొంగుకో చున్నీకో అంటుకుంటే పరిగెత్తకుండా నేల మీద దొర్లాలి. కాలిన చోట ఇరవై నిమిషాలు పంపు నీళ్లు పారనివ్వాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏదీ పూయొద్దు.

స్మోక్ అలారం గ్యాస్ లీకును పట్టదు, ఈ సంగతి చాలామందికి తెలియదు. బండలోని ఎల్పీజీ గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి దానికి పెట్టే గ్యాస్ డిటెక్టర్ నేలకు అడుగు ఎత్తులో ఉండాలి. పైపు గ్యాస్ వాడే ఇళ్లలో అయితే తిరగబడుతుంది. అది గాలికంటే తేలిక, డిటెక్టర్ సీలింగ్ దగ్గర ఉండాలి. వాసన వస్తే స్విచ్ వేయడం గానీ ఆపడం గానీ వద్దు, ఫ్యాన్ కూడా. రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. నారింజ రంగు సురక్ష ట్యూబు మీద ముద్రించిన గడువు చూసుకోండి, ఐదేళ్లకు మించి వాడొద్దు. బండ తీసుకునేటప్పుడు పైన ఇనుప పట్టీ మీద రాసి ఉన్న అక్షరం, అంకె కూడా చూడండి. ‘సి-27’ అంటే 2027 జులై నుంచి సెప్టెంబర్ లోపు ఆ బండకు మళ్లీ పరీక్ష జరగాలని అర్థం. ఆ గడువు దాటిన బండ తీసుకోవద్దు. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే దాన్ని బయటికి మార్చండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, దాని సంగతి స్మోక్ అలారానికి తెలియదు.

కరెంటు విషయంలో ఒక్క మాట. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద గీజర్, ఇస్త్రీ పెట్టె, హీటర్ నడపకండి. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్) పదేపదే పడిపోతుంటే పెద్ద ఎంసీబీ వేయించకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎందుకు పడుతోందో చూపించండి. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ విప్పి తెచ్చి ఇంట్లో ఛార్జింగ్ పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే ఆపండి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్‌కి పెట్టిన బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటి యజమాని చనిపోయాడు. ఆ బ్యాటరీ మంట నిద్రలేచే సమయం ఇవ్వదు. స్టిల్ట్‌లో డ్రమ్ములు, రంగు డబ్బాలు, పాత పరుపులు ఉంటే అసోసియేషన్ మీటింగ్‌లో గట్టిగా మాట్లాడండి. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ముల నుంచి లేచిన మంటకు పై అంతస్తుల్లో ఉన్న 9 మంది చనిపోయారు.

ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ (పొడి చల్లి మంటలార్పే సిలిండర్) ఒకటి గుమ్మం దగ్గర ఉంచుకోండి, వంటింట్లో కాదు. గేజ్ ముల్లు పచ్చరంగులో ఉండాలి. చెత్తబుట్టంత మంట అయితే వాడండి. అంతకంటే పెద్దదయితే వదిలేసి బయటికి రండి.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. ఇంకొన్ని తెస్తే బ్యాటరీతో నడిచేవే తెమ్మనండి, పదేళ్ల సీల్డ్ బ్యాటరీ ఉన్న ఫొటోఎలక్ట్రిక్ రకం అయితే ఇంకా మేలు. అక్కడ సీలింగ్ వైరుకు కలిపేవి 120 వోల్టులవి, మన 230 వోల్టులకు కలపకూడదు. ఇక్కడే ఆన్‌లైన్‌లో కొంటే స్మోక్ అలారాల నాణ్యతా ప్రమాణాలైన ఈఎన్ 14604 గానీ యూఎల్ 217 గానీ దాని మీద రాసి ఉందో లేదో చూడండి. అక్కడ తన ఇంట్లో గృహప్రవేశానికో వ్రతానికో హోమం చేసినప్పుడు అలారానికి ప్లాస్టిక్ కవర్ తొడిగితే, పూర్ణాహుతి అయిన వెంటనే తీసేయమనండి. ఆ కవర్లు నెలల తరబడి అలాగే ఉండిపోయిన మన వాళ్ల ఇళ్లు ఉన్నాయి.

కొత్తది వచ్చేదాకా ఆగొద్దు. ఈ రోజు ఆల్కలైన్ బ్యాటరీ తెచ్చి, పిల్లల గదిలో ఉన్న అలారానికి వేసి, దాన్ని విప్పి మూడు గదుల మధ్య నడవ సీలింగ్‌కి బిగించండి. పడుకోబోయే ముందు ఒకసారి బటన్ నొక్కి, పిల్లల గది తలుపు మూసి, లోపల మంచం మీదకు ఆ మోత గట్టిగా వినిపిస్తోందో లేదో మీరే వెళ్లి పడుకుని వినండి. తాళం చెవికి మేకు కూడా ఈ రాత్రే కొట్టించండి. రెండు రోజులయ్యాక ఎలా ఉందో ఇక్కడే రాయండి, ఇంకేమైనా సందేహం ఉంటే చెబుతాను.